అందరూ తొక్కాలంటే

ప్రశ్న: మాది వలంటీర్లు నడిపే సైక్లింగ్ సంఘం. అందరూ రావచ్చని చెబుతూనే ఉన్నాం. అయినా వచ్చేది కుర్రాళ్లే. ఏం చేయాలి?

జవాబు: రమ్మంటే సరిపోదండీ, వాళ్లు ఎక్కగలిగే సైకిల్ ఉండాలి. నేను పెద్దవాళ్లకు నేర్పేటప్పుడు ముందు పెడళ్లు విప్పేస్తాను. రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేలా సీటు దించుతాను. కాళ్లతో తోసుకుంటూ కాస్త దూరం సాగితే బ్యాలెన్స్ కుదురుతుంది, పడతామన్న టెన్షన్ తగ్గుతుంది. పెడళ్లు ఆ తర్వాతే.

కాలెత్తి ఎక్కలేనివాళ్లకు మధ్యలో రాడ్ లేని సైకిల్, కాళ్లు పనిచేయనివాళ్లకు చేతులతో తిప్పేది పెట్టండి. కొనలేకపోతే అద్దెకైనా తెప్పించండి.

చూపు లేనివాళ్లకు టాండెమ్ ఉంది, అంటే ఒకరి వెనక ఒకరు కూర్చుని ఇద్దరు తొక్కే సైకిల్. పారాలింపిక్స్‌లోనూ వాళ్లు దానిమీదే పోటీ పడతారు. హ్యాండిల్, బ్రేకులు ముందు కూర్చున్నవాళ్ల చేతిలో ఉంటాయి. మామూలు టాండెమ్‌లో ఇద్దరి పెడళ్లూ ఒకే చైన్‌తో కలిసి తిరుగుతాయి. ముందువాళ్లు చెప్పకుండా ఆపితే వెనకవాళ్ల కాళ్లూ టక్కున ఆగిపోతాయి, గుండె ఝల్లుమంటుంది. అందుకే "గుంత వస్తోంది", "ఆపుతున్నా", "కుడికి తిరుగుతున్నాం" అని నోటితో చెబుతూ ఉండాలి. మీ కుర్రాళ్లకు ముందు ఇది నేర్పండి. వాళ్లు బాగా పనికొస్తారు.

ఇంకో మాట. కొత్తవాళ్లు వచ్చిన రోజు అందరిలో నెమ్మదైనవాళ్లను ముందుంచి, మిగతావాళ్లను వాళ్ల వెనకే రమ్మనండి.