చికెన్ సాసేజ్: ముద్ర చూసి కొనండి, మంట చూసి వండండి
(వంటింటి ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: ఇక్కడి సూపర్‌మార్కెట్‌లో చికెన్ సాసేజ్ ప్యాకెట్ మీద ఆర్గానిక్, నేచురల్, కేజ్ ఫ్రీ, హ్యుమేన్లీ రైజ్డ్ అని నాలుగైదు మాటలుంటున్నాయి. దేన్ని నమ్మాలి? – ఒక పాఠకురాలు, డల్లాస్

జవాబు: ముందు పక్కన పెట్టాల్సినవి చూద్దాం. ‘నేచురల్’ అంటే కృత్రిమ రంగులూ పదార్థాలూ కలపలేదని, మాంసాన్ని పెద్దగా మార్చలేదని మాత్రమే. కోడి పెంపకానికీ ఆ మాటకూ సంబంధం లేదు. మాంసం కోళ్లను అమెరికాలో మామూలుగానే బోనుల్లో కాక షెడ్డు నేల మీద పెంచుతారు, కాబట్టి సాసేజ్ మీద ‘కేజ్ ఫ్రీ’ అని రాసినా కొత్త సంగతేమీ లేదు. ‘హార్మోన్లు వాడలేదు’ అన్నదీ అంతే. కోళ్లకు హార్మోన్లు ఇవ్వడాన్ని అక్కడి చట్టమే నిషేధించింది.

గుండ్రటి యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) ఆర్గానిక్ ముద్రకు మాత్రం విలువ ఉంది. కోడిపిల్లకు రెండో రోజు దాటకుండా ఆర్గానిక్ పెంపకం మొదలవ్వాలి, మేతంతా ఆర్గానిక్ అయి ఉండాలి, యాంటీబయాటిక్స్ ఇవ్వకూడదు. ఉప్పూ నీళ్లూ మినహాయిస్తే సాసేజ్‌లో కనీసం 95 శాతం ఆర్గానిక్ సరుకే ఉండాలి. ‘మేడ్ విత్ ఆర్గానిక్’ అని ఉంటే 70 శాతం చాలు.

కోడి ఎంత ఇరుకులో బతికింది, ఎలా కోశారు అన్నది తెలియాలంటే ఇంకో ముద్ర వెతకాలి. సర్టిఫైడ్ హ్యుమేన్ ముద్రకు చోటు, వెలుతురు, గాలి, కోత పద్ధతి అన్నిటికీ నియమాలున్నాయి గానీ, ఆరుబయట తిరగాలన్న షరతు ఆ ముద్ర ఉన్న ప్రతి కోడికీ ఉండదు. యానిమల్ వెల్ఫేర్ అప్రూవ్డ్‌కు పచ్చిక తప్పనిసరి. గ్లోబల్ యానిమల్ పార్ట్‌నర్‌షిప్ ముద్రలో మెట్లుంటాయి: మూడో మెట్టు నుంచి ఆరుబయలు, నాలుగో మెట్టు నుంచి పచ్చిక. ఏ ముద్రా లేకుండా ఊరికే ‘హ్యుమేన్లీ రైజ్డ్’ అని రాస్తే ఆ నిర్వచనం కంపెనీ రాసుకున్నదే. ఆర్గానిక్, పచ్చిక ముద్రలు రెండూ ఉన్న ప్యాకెట్ దొరక్కపోతే, కోడి బాగోగులే ముఖ్యమనుకునేవాళ్లు ఆర్గానిక్ కాకపోయినా పచ్చిక ముద్ర ఉన్నదే తీసుకోండి.

ప్రశ్న: మా ఇంట్లో పంది మాంసం ముట్టుకోరు. చికెన్ సాసేజ్‌కు భయం లేదు కదా? – ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: ఉంది. లోపల చికెనే అయినా పైన తొడుగు పంది పేగు కావచ్చు, బీఫ్ కొల్లాజెన్ (పశువుల చర్మం నుంచి తీసిన ప్రోటీన్) కావచ్చు. తొడుగు వేరే జంతువుదైతే లేబుల్ మీద చెప్పి తీరాలన్నది అమెరికా నిబంధన. ‘పోర్క్ కేసింగ్’, ‘బీఫ్ కొల్లాజెన్ కేసింగ్’ అన్న మాటల కోసం పేరు కిందా, పదార్థాల పట్టిక చివరా చూడండి. అక్షరాలు చిన్నవిగా ఉంటాయి, కళ్లద్దాలు పెట్టుకునే చదవండి. తొడుగు లేని ప్యాటీలు తీసుకుంటే ఈ తలనొప్పే లేదు.

ప్రశ్న: పచ్చి సాసేజ్‌లు పెనం మీద వేయగానే పగిలిపోతున్నాయి. పైన మాడి, లోపల పచ్చిగా ఉంటున్నాయి.

జవాబు: మంట ఎక్కువైంది. వేడి పెనం తగలగానే తొడుగు ముడుచుకుంటుంది, లోపలి నీరు ఆవిరై ఉబ్బుతుంది, దాంతో చీలిపోతుంది. ఫోర్కుతో పొడిస్తే పగలదంటారు గానీ, చికెన్‌లో అసలే కొవ్వు తక్కువ. ఉన్న రసం కూడా కారిపోయి పీచు మిగులుతుంది.

చల్లటి పెనంలో నాలుగు సాసేజ్‌లు (ఒక్కోటి 110 గ్రాముల దాకా) పరిచి అర కప్పు నీళ్లు పోయండి. మూత పెట్టి మధ్యస్థం కన్నా తక్కువ మంట మీద పది నిమిషాలు ఉంచండి, సగంలో ఒకసారి తిప్పండి. మూత తీసి నీరు ఇగరనిచ్చి, చెంచా నూనె వేసి, దొర్లిస్తూ నాలుగైదు నిమిషాలు ఎర్రగా వేయించండి. థర్మామీటర్‌ను పక్క నుంచి కాదు, కొస నుంచి నిలువుగా మధ్య దాకా గుచ్చండి. 165 డిగ్రీల ఫారెన్‌హీట్ (74 సెల్సియస్) చూపించాలి. చూపించకపోతే రెండు చెంచాల నీళ్లు చల్లి మళ్లీ మూత పెట్టండి. ఆపిల్, మేపుల్ రకాల్లో తీపి ఉంటుంది, ఊరికే మాడతాయి.

రంగు చూసి ఉడికిందనుకోవద్దు. ఆర్గానిక్ సాసేజ్‌ల్లో సెలరీ పొడి వేసిన వాటిలో సహజ నైట్రైట్ ఉంటుంది, అవి పూర్తిగా ఉడికినా లోపల గులాబీ రంగులోనే ఉంటాయి.

ప్రశ్న: ఉల్లిపాయ టమాటా ఇగురులో వేస్తే రబ్బరులా సాగుతున్నాయి. పైగా ఉప్పు ఎక్కువవుతోంది.

జవాబు: మీరు కొన్నది ‘ఫుల్లీ కుక్డ్’ రకం అయి ఉంటుంది. అది ఇప్పటికే ఉడికింది, మళ్లీ ఇరవై నిమిషాలు ఉడికిస్తే ఇంకేం మిగులుతుంది? ముక్కలు కోసి విడిగా వేయించి తీసి పెట్టండి. అదే పెనంలో ఇగురు పూర్తిగా దగ్గరపడ్డాక చివరి మూడు నిమిషాల్లో కలపండి. ఇగురులో మామూలుగా వేసే ఉప్పులో సగమే వేసి, ముక్కలు కలిపాక రుచి చూడండి. గర్భిణులకు పెట్టేటప్పుడు మాత్రం ఉడికిన రకమైనా పొగలు వచ్చేలా, 165 డిగ్రీలకు, వేడి చేయాలి.

ప్రశ్న: మా గుంటూరులో అలాంటివి దొరకవు. ఇంట్లో చేసుకోవచ్చా?

జవాబు: తొడుగు లేకుండా బాగానే వస్తాయి. ‘నాటుకోడి’ అన్నంత మాత్రాన ఆర్గానిక్ కాదు, మన దేశంలో అందుకు ప్రభుత్వం గుర్తించిన ఆర్గానిక్ ముద్ర చూడాలి. తెలిసిన రైతు దగ్గర మేత సంగతి అడిగి కొనడమూ మంచి దారే.

ఎముక తీసిన తొడ మాంసం 850 గ్రాములు, చర్మం 150, ఉప్పు 16, మిరియాల పొడి 4, జీలకర్ర పొడి 3 గ్రాములు, ఐసు నీళ్లు 80 మిల్లీలీటర్లు. అల్లం వెల్లుల్లి ముద్ద 20 గ్రాములు తీసుకుని నూనెలో వేయించి చల్లార్చి వేయండి. పచ్చి అల్లంలోని ఎంజైమ్ మాంసాన్ని మెత్తటి గుజ్జు చేసేస్తుంది, చాలామందికి చెడేది ఇక్కడే. ముక్కల్ని అరగంట ఫ్రీజర్‌లో గట్టిపరచి ఖీమా కొట్టించండి. ఉప్పూ మసాలాలూ నీళ్లూ వేసి, అరచేయి బోర్లించినా ముద్ద అంటుకుని ఉండేదాకా పిసకండి. ఈలోగా వెచ్చబడితే కొవ్వు విడిపోయి, వేయించాక పొడిపొడిగా రాలుతుంది. మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టి కొనసాగించండి. చిన్న బిళ్ల వేయించి ఉప్పు చూశాకే మిగతావి చేయండి. 80 గ్రాముల బిళ్లలైతే మధ్యస్థ మంట మీద ఒక్కోవైపు నాలుగైదు నిమిషాలు, లోపల అదే 74 డిగ్రీలు. పచ్చి ముద్ద ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులు, ఫ్రీజర్‌లో ఒకటి రెండు నెలలు ఉంటుంది.