చిన్న ఊరి కౌబాయ్ ప్రేమ నవలల్లో అంతగా ఏముంది?

ఈ నవలల్ని అమెరికాలో అంతమంది ఎందుకు చదువుతారు, కొత్తవాళ్లు ఎక్కడ మొదలెట్టాలి అని అడిగారు. టోపీ, బూట్లు, గుర్రం అట్ట మీద బాగుంటాయి గానీ లోపల కథని నడిపేది పశువుల పని. నా దృష్టిలో అసలు ఆకర్షణ అదే.

మోంటానా, వయోమింగ్ లాంటి అమెరికా రాష్ట్రాల్లో రాంచ్ అంటే పశువుల్ని పెంచే పెద్ద కమతం, అక్కడి పనికి ఒక వరస ఉంటుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆవులు ఈనే కాలం. వసంతం చివర్లో దూడలకి వాతలు, టీకాలు. జులై, ఆగస్టుల్లో గడ్డి కోసి ఎండబెట్టి మోపులు కట్టాలి. అక్టోబరు ప్రాంతంలో ఆరేడు నెలల దూడల్ని తల్లుల నుంచి వేరుచేసి అమ్ముతారు. చాలా రాంచ్‌లకి ఏడాది రాబడిలో సింహభాగం ఆ ఒక్క అమ్మకంలోనే వస్తుంది. ఎకరాలు వేలల్లో ఉన్నా చేతిలో రొక్కం ఉండదు. మంచి రచయితలు ప్రేమకథని ఈ వరస మీదే అల్లుతారు. హీరోయిన్ మార్చిలో ఊళ్లో దిగిందంటే, దూడల లారీ కదిలేలోపు ఉండాలో వెళ్లాలో తేల్చుకోక తప్పదు. పంట చేతికొచ్చేదాకా అప్పు మీద నెట్టుకొచ్చే ఇళ్లలో పెరిగినవాళ్లకి ఆ గుబులు విడమరిచి చెప్పక్కర్లేదు.

రచయితకి పని తెలుసో లేదో ఆవు ఈనే సన్నివేశంలో తేలిపోతుంది. తొలిచూలు ఆవుల్ని రాత్రిళ్లు రెండు మూడు గంటలకోసారి చూసి రావాలి. ముందుకాళ్లు రెండూ, వాటి మీద ఆనించుకుని ముట్టె, అలా రావాలి దూడ. ఉమ్మనీటి సంచి కనబడి గంట దాటినా కదలిక లేకపోతే చెయ్యి వెయ్యాల్సిందే. దూడని బయటికి లాగే గొలుసుని దాని కాలికి గిట్ట పై కీలుకి ఎగువన ఒక చుట్టు, దిగువన ఒక చుట్టు వేస్తారు. ఒక్క చుట్టుతో లాగితే బలమంతా ఒకేచోట పడి ఎముక విరగొచ్చు. ఆవు ముక్కినప్పుడే లాగాలి, ఆగితే ఆగాలి. పుట్టిన మొదటి కొన్ని గంటల్లోనే సుమారు రెండు లీటర్ల ముర్రుపాలు కడుపులో పడాలి. చలికి బిగుసుకుపోయిన దూడనైతే పికప్ ట్రక్కులో హీటరు గాలి తగిలేలా పడుకోబెడతారు.

ఇప్పుడు అర్ధరాత్రి రెండింటికి ఆ కొట్టంలో మాటల్లేని ఇద్దర్ని నిలబెట్టండి. అతను విసుక్కుంటాడా, ఓపిక పడతాడా, ఆమె చెప్పింది వింటాడా, అంతా పది నిమిషాల్లో బయటపడుతుంది. యద్దనపూడి హీరో కారు దిగే తీరులో కనిపించే హుందాతనం ఇక్కడ ఆ గొలుసు పట్టుకున్న చేతుల్లో ఉంటుంది.

ఇక ఊరి సంగతి. వయోమింగ్ విస్తీర్ణం మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినదానికి కాస్త తక్కువ. 2020 లెక్కల ప్రకారం జనం మాత్రం ఆరు లక్షల లోపే. కథల్లో వచ్చే ఊరికి ఒక డైనర్ (చిన్న హోటల్), ఒక దాణా కొట్టు, ఒక బార్ ఉంటాయి. విడిపోయినవాళ్లు ఎదురుపడాలంటే నగరం కథలో యాదృచ్ఛికాన్ని కల్పించుకోవాలి. ఇక్కడ దాణా బస్తా కోసం వెళ్తే చాలు. అదే ఊళ్లో అన్నదమ్ములకీ స్నేహితులకీ తలో పుస్తకం రాస్తూ సిరీస్ నడుపుతారు. విడిగా చదివినా కథ అర్థమవుతుంది గానీ, మూడోది ముందు చదివితే మొదటి జంట పెళ్లి సంగతి తెలిసిపోతుంది.

చెడిపోయే నవలలూ బోలెడు. హీరోని రాంచర్ అంటారు, మూడొందల పేజీల్లో ఒక్క కంచె కూడా బాగుచెయ్యడు. అప్పంతా చివరి అధ్యాయంలో ఒక్క చెక్కుతో తీరిపోతుంది. రోడియో అనే కౌబాయ్ పోటీల్లో ఎద్దు మీద ఎనిమిది సెకన్లు ఒంటిచేత్తో నిలవాలి, రెండో చెయ్యి తగిలితే అనర్హుడు. ఆ సంగతి తెలియని రచయితలూ ఉన్నారు. నాకు అన్నిటికన్నా గిట్టనిది అసూయనీ అజమాయిషీనీ ప్రేమగా చూపించడం. ఇంకో లోపం పాతది. పశువుల్ని తోలే విద్యలో చాలా భాగం వకేరోలనే మెక్సికో పశువుల కాపరుల నుంచి వచ్చింది. పాతకాలపు కౌబాయ్‌లలో నలుగురికొకరు నల్లజాతివారని ఒక అంచనా. ఆ నేల అంతకుముందు మూలవాసులది. చాలా నవలల్లో వీళ్ల ఊసే ఉండదు.

కొత్తవాళ్లు ‘సెకండ్ ఛాన్స్’ అని రాసినవాటితో మొదలెట్టండి. ఒకప్పుడు విడిపోయిన జంట మళ్లీ కలిసే కథలవి. పాత గొడవ ముందే ఉంటుంది కాబట్టి ఊరూ, పనీ చూపించడానికి రచయితకి జాగా దొరుకుతుంది. శృంగారం ఎంత ఉందో కొనేముందే చూసుకోండి. ‘క్లోజ్డ్ డోర్’ అంటే పడకగది తలుపు దగ్గరే ఆగిపోతుంది, ‘ఓపెన్ డోర్’ అంటే ఆగదు. బొమ్మల్లాంటి ముద్దొచ్చే అట్ట చూసి పిల్లల చేతికివ్వకండి, అలాంటి అట్టల వెనక చాలా ఘాటైనవీ ఉంటాయి. ఈబుక్ అయితే ముందు ఉచిత శాంపిల్ దింపుకోండి. అందులో ఎవరూ ఏ పనీ చేస్తూ కనబడకపోతే ఆ పుస్తకం వదిలెయ్యండి. డాలస్ లాంటి చోట్ల ఉన్నవాళ్లు డబ్బు పెట్టక్కర్లేదు, పబ్లిక్ లైబ్రరీ కార్డుతో లిబ్బీ యాప్‌లో అరువు తీసుకోవచ్చు. కొత్తగా పేరొచ్చిన వాటికి వరస ఉంటుంది, ముందే హోల్డ్ పెట్టుకోండి.