ప్రశ్నలు–జవాబులు: ఇంటర్నెట్‌లో చూసి లైబ్రరీకి పుస్తకాలు ఎంచుకోవడం

ప్రశ్న: ఆన్‌లైన్ దుకాణాల స్టార్ రేటింగులు, బెస్ట్ సెల్లర్ జాబితాలు చూసి మా లైబ్రరీకి పుస్తకాలు కొంటున్నాం. చాలావరకు బీరువాల్లోంచి కదలడం లేదు. ఏం చేయాలి?

జవాబు: స్టార్లు ఇచ్చినవాళ్లు మీ పాఠకులు కారు. ముందు మీ ఆన్‌లైన్ కేటలాగ్‌లో జనం ఏం వెతుకుతున్నారో చూడండి. సాఫ్ట్‌వేర్‌లో సెర్చ్ లాగ్ ఉంటే, ఫలితాలు సున్నా అని వచ్చిన పదాలను నెలకోసారి విడిగా తీయండి. అందులో కొన్ని మీ దగ్గర ఉన్న పుస్తకాలే అయి ఉంటాయి, పేరు మరోలా కొట్టడం వల్ల దొరకలేదు. వాటికి డబ్బు ఖర్చు పెట్టనక్కర్లేదు, కేటలాగ్‌లో ఆ రెండో రూపం కూడా చేరిస్తే చాలు. మిగిలినవి కొనుగోలు జాబితాలోకి వెళ్తాయి. రిజర్వేషన్ క్యూ మరో మంచి ఆధారం.

బయటికి వెళ్లడం ఆ తర్వాతే. వరల్డ్‌క్యాట్‌లో పేరు కొడితే ఏయే లైబ్రరీల్లో ఆ పుస్తకం ఉందో తెలుస్తుంది. మీ స్థాయి లైబ్రరీలు నాలుగు కొని ఉంటే, వందల స్టార్ల కంటే దానికే విలువ ఎక్కువ. ప్రచురణకర్త సైట్‌లో విషయసూచిక, నమూనా పేజీలు చదవండి. ఒకే రచయిత పేరుతో ఒక్క నెలలో పాతిక పుస్తకాలు వచ్చి, రచయిత ఎవరో ఇంకెక్కడా కనిపించకపోతే ముట్టుకోకండి. వికీపీడియా వ్యాసాలు కుట్టేసి అమ్మే అతుకుల బొంతలు ఎప్పటినుంచో ఉన్నాయి, ఇప్పుడు యంత్రాలు రాసినవీ తోడయ్యాయి.

ప్రశ్న: పేరు, రచయిత సరిచూసుకునే ఆర్డర్ పెట్టాం. పాత ఎడిషన్ వచ్చింది. మీరిచ్చిన ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు సంఖ్య) ప్రకారమే పంపామని విక్రేత అంటున్నారు. తప్పు ఎవరిది?

జవాబు: ఆయన చెప్పింది నిజమే కావచ్చు. గట్టి అట్ట ప్రతికి, పేపర్‌బ్యాక్‌కు, ఈ–బుక్‌కు, ప్రతి కొత్త ఎడిషన్‌కు వేర్వేరు ఐఎస్‌బీఎన్ ఉంటుంది. మార్పులేవీ లేని పునర్ముద్రణకు మాత్రం పాత నంబరే. ఆన్‌లైన్ దుకాణాలు వీటన్నింటినీ ఒకే పేజీలో కలిపేస్తుంటాయి. పైన మీరు చదివిన సమీక్ష ఒక ఎడిషన్‌ది, కింద కాపీ చేసుకున్న నంబరు ఇంకోదానిది. అందుకే నంబరును దుకాణం పేజీలో తీసుకోవద్దు. ప్రచురణకర్త సైట్‌లో తీసుకుని, ఏదైనా జాతీయ గ్రంథాలయం కేటలాగ్‌లో ఎడిషన్, సంవత్సరం, పేజీల సంఖ్య కలుస్తున్నాయో లేదో చూడండి.

పాత జాబితాలతో ఇంకో తంటా. 2007 జనవరి 1కి ముందు ఐఎస్‌బీఎన్‌కు 10 అంకెలే, ఆ తర్వాత 13. పాతదాని ముందు 978 తగిలించేసి పంపితే నంబరు సాధారణంగా చెల్లదు, చివరి అంకెను మళ్లీ కట్టాలి. ఉదాహరణకు 0-306-40615-2 తీసుకోండి. చివరి 2 తీసేసి ముందు 978 చేర్చి, వచ్చిన 12 అంకెలను వరుసగా 1, 3, 1, 3తో గుణించి కూడితే 93 వస్తుంది. తర్వాతి పదుల సంఖ్య 100 కావడానికి 7 కావాలి కాబట్టి కొత్త నంబరు 978-0-306-40615-7.

ఒక్క అంకె తప్పు పడితే ఈ లెక్క పట్టేస్తుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే మాత్రం అన్నిసార్లూ పట్టదు. రెంటి మధ్య తేడా 5 అయితే తప్పు జారిపోతుంది. పై నంబరులోనే 6, 1 స్థానాలు మార్చి 978-0-306-40165-7 అని కొట్టి చూడండి. ఈసారి 12 అంకెల మొత్తం 83, చివరి 7 కలిపితే సరిగ్గా 90, అందుకే సాఫ్ట్‌వేర్ కిక్కురుమనకుండా తీసుకుంటుంది. చేత్తో టైపు చేయడం మానేసి కాపీ చేయండి, లేదా బార్‌కోడ్ స్కాన్ చేయండి. స్ప్రెడ్‌షీట్‌లో ఆ నిలువు వరుసను ముందే టెక్స్ట్‌గా మార్చుకోండి. లేకపోతే పాత నంబర్ల మొదటి సున్నా ఎగిరిపోతుంది, 13 అంకెలవి 9.78E+12గా మారతాయి. అలా కనిపిస్తుండగా సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన సాదా టెక్స్ట్ ఫైలుగా) దాచారంటే అసలు అంకెలు ఇక తిరిగి రావు.

కాపీరైట్ తీరిన పాత పుస్తకాలను స్కాన్ చేసి, ఆర్డర్ వచ్చినప్పుడల్లా అచ్చువేసి ఇచ్చే ప్రతుల విషయంలోనూ జాగ్రత్త. సంవత్సరం కొత్తగా కనిపిస్తుంది, లోపల మాత్రం వందేళ్ల నాటి పాఠం. మడత పటాలు విప్పకుండానే స్కాన్ అయి ఉంటాయి, ఒక్కోసారి పేజీలే ఉండవు.

ప్రశ్న: జడ్39.50 (లైబ్రరీ కేటలాగ్‌ల మధ్య వెతికి రికార్డులు తెచ్చే పద్ధతి) ద్వారా వేరే లైబ్రరీల మార్క్ రికార్డులు (కంప్యూటర్ చదవగల కేటలాగ్ రికార్డులు) దింపుకుంటే కొన్ని అక్షరాలు చెదిరిపోతున్నాయి. ఎందుకు?

జవాబు: ఎన్‌కోడింగ్ (అక్షరాలను కంప్యూటర్‌లో దాచే పద్ధతి) తేడా. రికార్డు మొదట్లో ఉండే లీడర్ భాగంలో 09వ స్థానం చూడండి (లెక్క సున్నా నుంచి మొదలవుతుంది). అక్కడ చిన్న 'ఎ' అక్షరం ఉంటే యూనికోడ్, ఖాళీగా ఉంటే మార్క్–8 అనే పాత ఎన్‌కోడింగ్. మీ సాఫ్ట్‌వేర్‌లో ఆ సర్వర్‌కు పెట్టిన సెట్టింగ్ దీంతో కలవాలి. మొత్తం దింపే ముందు పది రికార్డులతో పరీక్షించండి. 300 ఫీల్డులో (ఫీల్డు అంటే రికార్డులో ఒక్కో రకం వివరానికి ఇచ్చిన నంబరు గడి) పేజీల సంఖ్యకు ముందు 'ఆన్‌లైన్ రిసోర్స్' అని ఉందంటే అది ఈ–బుక్ రికార్డు, మీ చేతిలో ఉన్న అచ్చు ప్రతికి పనికిరాదు. ఐఎస్‌బీఎన్‌తో వెతికినా ఇది తగలవచ్చు, ఎందుకంటే 020 ఫీల్డులో అన్ని రూపాల నంబర్లూ కలిపి రాసేవాళ్లున్నారు. 9తో మొదలయ్యే స్థానిక ఫీల్డులు, వాళ్ల సభ్యులకే తెరుచుకునే 856 ఫీల్డులోని లింకులు తీసేయండి.

ప్రశ్న: ఉచిత ఈ–బుక్‌లను మా కేటలాగ్‌లో చేర్చుకోవచ్చా?

జవాబు: చేర్చుకోవచ్చు. నెట్‌లో ఉచితంగా దొరికిందంటే కాపీరైట్ లేదని అర్థం కాదు, హక్కులు చూసుకోవాలి. ఉచిత ఈ–బుక్‌ల సైట్ ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ సరిచూసేది అమెరికా చట్టం ప్రకారమే, మీ దేశంలో గడువు వేరుగా ఉండవచ్చు. ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగల) పుస్తకాలకు డీఓఏబీ అనే ఆన్‌లైన్ సూచిక మంచి చోటు, ప్రతి పుస్తకానికీ లైసెన్సు రాసి ఉంటుంది.

లింకు ఇచ్చేటప్పుడు డీఓఐ (చిరునామా మారినా పనిచేసే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉంటే అదే ఇవ్వండి. లేకపోతే పుస్తకం వివరాల పేజీ ఇవ్వండి, నేరుగా పీడీఎఫ్ ఫైలుకు వద్దు, సైట్ మారినప్పుడు ముందు తెగేది అదే. లింక్ చెకర్‌ను మూడు నెలలకోసారి నడిపినా పూర్తిగా నమ్మకండి. పుస్తకం తీసేసి, అడిగినవాళ్లను హోమ్ పేజీకి మళ్లించే సైట్లున్నాయి. చెకర్‌కు అక్కడ 404 (పేజీ లేదనే సంకేతం) కనపడదు, లింకు బాగుందనే చెబుతుంది. అందుకే ప్రతిసారీ ఓ ఇరవై లింకులు చేత్తో తెరిచి, వచ్చింది ఆ పుస్తకమేనా అని చూడాల్సిందే.