మరణానంతర శౌర్య పతకం: సాక్ష్యం ఎవరిది?

ప్రశ్న: యుద్ధంలో అసువులు బాసిన సైనికుడికి మరణానంతరం శౌర్య పతకం ప్రకటించినట్లు పత్రికల్లో చదువుతుంటాం. జరిగినది చెప్పడానికి ఆయనే లేనప్పుడు, ఆ సాహసాన్ని ఏ ఆధారంతో నిర్ధారిస్తారు? పతకాన్ని ఎవరు అందుకుంటారు?

జవాబు: మన సైన్యంలో ప్రతిపాదన ఆ సైనికుడి పటాలం నుంచే బయలుదేరుతుంది. పక్కనే నిలిచి పోరాడినవారు కళ్లారా చూసి చెప్పిన సంగతుల ఆధారంగా సిద్ధమైన ప్రశంసా పత్రం, ఒక్కొక్క పై స్థాయిలో పరిశీలనకు నిలిచి రక్షణ శాఖకు చేరుతుంది. రాష్ట్రపతి ఆమోదించిన తరువాత గెజిట్‌లో ప్రకటన వెలువడుతుంది. బతికి వచ్చినవారి విషయంలోనూ ఇతరుల సాక్ష్యమే ప్రధానం కనుక, మరణం వల్ల ఈ పద్ధతి మారదు.

చిక్కంతా చూసినవారు కూడా మిగలనప్పుడే. 1962లో చైనాతో జరిగిన యుద్ధంలో, నవంబరు 18న లద్దాఖ్‌లోని రెజాంగ్ లా కనుమ వద్ద మేజర్ షైతాన్ సింగ్ నాయకత్వంలోని 13 కుమావ్ పటాలానికి చెందిన చార్లీ కంపెనీ అనే దళం దాదాపు మొత్తం నేలకొరిగింది. బతికి బయటపడిన కొద్దిమంది చెప్పిన మాటలను మొదట్లో చాలామంది నమ్మలేదు. నెలల తరువాత, 1963లో, కందకాలలో ఆయుధాలు పట్టుకున్న భంగిమలోనే గడ్డకట్టిపోయిన దేహాలు కనిపించినప్పుడు, చివరి వరకూ ఎవరూ వెనుదిరగలేదన్న సంగతి రుజువైంది. మేజర్ షైతాన్ సింగ్‌కు మరణానంతరం, యుద్ధ శౌర్యానికి ఇచ్చే అత్యున్నత పతకమైన పరమవీర చక్ర లభించింది. ఇలాంటి ఆనవాళ్లు కూడా దొరకక మరుగున పడిపోయిన సాహసాలు తప్పక ఉండి ఉంటాయని నా నమ్మకం.

పతకం సరైనదే అయినా ‘మరణానంతరం’ అన్న మాట పొరపాటైన సందర్భాలూ ఉన్నాయి. అదే 1962 యుద్ధంలో పాంగాంగ్ సరస్సు సమీపాన సిరిజాప్ వద్ద పోరాడిన మేజర్ ధన్ సింగ్ థాపా మరణించారని భావించి పరమవీర చక్ర ప్రకటించారు. ఆయన చైనా చెరలో ఉన్నట్లు తరువాత తెలిసింది. 1999 కార్గిల్ యుద్ధంలో టైగర్ హిల్‌పై ఒంటినిండా తూటాలతో పోరాడిన యోగేంద్ర సింగ్ యాదవ్‌కు కూడా మొదట మరణానంతర పురస్కారంగానే ప్రకటించారు. అప్పటికి ఆయన ఆసుపత్రిలో కోలుకుంటున్నారు.

ఇంతవరకు పరమవీర చక్ర పొందిన 21 మందిలో 14 మందికి అది మరణానంతరమే లభించింది. 1947 నవంబరు 3న కశ్మీర్‌లోని బడ్‌గామ్‌లో, చేతికి కట్టు ఉండగానే యుద్ధానికి దిగి మరణించిన మేజర్ సోమనాథ్ శర్మ వారిలో మొదటివారు. పతకాన్ని 1950 జనవరి 26న నెలకొల్పినా, 1947 ఆగస్టు 15 నుంచి వర్తింపజేయడం వల్లనే ఆయనకు అది దక్కింది.

ఇక అందుకునే విషయానికి వస్తే, సాధారణంగా భార్య గానీ తల్లిదండ్రులు గానీ రాష్ట్రపతి చేతుల మీదుగా స్వీకరిస్తారు. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో అమరుడైన సూర్యాపేట వాసి కర్నల్ సంతోష్ బాబుకు ప్రకటించిన మహావీర చక్రను (పరమవీర చక్ర తరువాతి స్థాయి పతకం) 2021 నవంబరులో ఆయన తల్లి, భార్య కలిసి అందుకున్నారు.