బ్యారెల్ ఎంచుకోవడానికి వస్తున్న శ్రీనుకి

చిరంజీవి శ్రీనుకి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసి "వాడు కెంటకీ వస్తున్నాడట అక్కా, ఏదో పీపా కొంటారట" అంది. అందులో ఏముంటుందో నువ్వు చెప్పినట్టు లేదు, నేనూ చెప్పలేదు. తర్వాత నీ మెసేజ్ చూశాను. డాలస్‌లో స్నేహితులంతా డబ్బులు వేసుకుని, లిక్కర్ స్టోరు ద్వారా సింగిల్ బ్యారెల్ బర్బన్, అంటే ఒకే పీపాలోంచి సీసాల్లో నింపే అమెరికన్ విస్కీ, తీసుకుంటున్నారనీ, ఏ బ్యారెలో తేల్చే పని నీ నెత్తిన పెట్టారనీ. "శ్రీను ముక్కు మంచిది" అన్నారట. ఆ మాట నాకు కొత్త కాదులే. తెనాలిలో వీధి అరుగు మీద ఆడుకుంటూనే లోపల పప్పు అడుగంటిందని అరిచేవాడివి. చాలా గర్వంగా అనిపించింది. ఓ గంట గడిచాక టెన్షన్ మొదలైంది. అందుకే ఈ ఉత్తరం.

నేను డిస్టిలరీ ల్యాబ్‌లో చేసినన్నాళ్ళూ మీ తాతయ్యకి "ఫుడ్ ల్యాబ్" అనే చెప్పాం. పూర్తి అబద్ధం కాదు, బర్బన్‌లో కనీసం 51 శాతం మొక్కజొన్నే ఉండాలి కదా. పొద్దుటి నుంచి వాసన చూడటం, నోట్లో పోసుకోవడం, ఉమ్మేయడం, కాగితం మీద రాయడం. మనవాళ్ళు నన్ను తాగుబోతు అనుకుంటారని భయపడ్డాను గానీ, ఈ దేశంలో నా అంత తక్కువ తాగిన మనిషి ఉండదేమో.

ముందు కారు సంగతి. బ్యారెళ్ళు చూడబోయే బార్డ్స్‌టౌన్‌కి నువ్వు డ్రైవ్ చేయకూడదు. "కొంచెమే కదా పెద్దమ్మా" అంటావని తెలుసు. లెక్క చూడు. 130 ప్రూఫ్ అంటే 65 శాతం ఆల్కహాల్. పదిహేనేసి మిల్లీలు నాలుగు శాంపిళ్ళు మింగితే, మామూలు విస్కీ పెగ్గులు రెండు దాటిపోయినట్టే. పైగా ఖాళీ కడుపుతో, అరగంటలో. ఇక్కడ డ్రైవ్ చేసేవాళ్ళ రక్తంలో ఆల్కహాల్ లిమిట్ 0.08 శాతం. పోలీసు ఆపితే ఫైన్ కట్టి బయటపడే వ్యవహారం కాదురా నీది. హెచ్1బీ మీద ఉన్నావు. డీయూఐ, అంటే తాగి బండి నడిపిన కేసులో కోర్టు ఏమీ తేల్చకముందే, ఒక్క అరెస్టుతోనే వీసా రద్దు చేసే పద్ధతి 2015 నుంచి ఉంది. తర్వాత కేసు కొట్టేసినా స్టాంపింగ్ దగ్గర ఎన్ని తిప్పలో ఊహించుకో. మీ పెదనాన్న తీసుకొస్తారు, ఆయనే తీసుకెళ్తారు. ఆయనకి ఒక్క చుక్క పోయొద్దు, అడిగినా సరే.

చిన్న చిన్నవి గబగబా చెప్పేస్తాను. ఆ పొద్దున సెంటు కొట్టుకోకు. కాఫీ రెండు గంటల ముందే ఆపేయ్. కడుపు నిండా తిను, ఇడ్లీ అయితే మంచిది, చట్నీలో కారం లేకుండా. విస్కీ వాసన చూసే గ్లెన్‌కెయిర్న్ గ్లాసులు వాళ్ళే ఇస్తారు. ఉమ్మడానికి కప్పు నువ్వే అడుగు, సిగ్గుపడకు. జలుబు చేస్తే ఆ బాధ్యత ఇంకొకరికి అప్పజెప్పు.

కారం అంటే గుర్తొచ్చింది. మనవాళ్ళకో భ్రమ ఉంది, గుంటూరు మిరపకాయ తిన్న నోటికి ఈ విస్కీ ఒక లెక్కా అని. మిరప మంటకీ ఆల్కహాల్ మంటకీ నోట్లో పలికేది ఒకే రిసెప్టర్, టీఆర్‌పీవీ1 అంటారు. మామూలుగా 42 డిగ్రీలు దాటిన వేడికి అది మేలుకుంటుంది. ఆల్కహాల్ తగిలితే ఆ గీత కిందికి దిగి, నీ ఒంటి వేడికే నోరు కాలినట్టు అనిపిస్తుంది. కాబట్టి ముందురోజు రాత్రి ఆవకాయ తిని వెళ్తే మొదటి గుక్కకే నోరు చేతులెత్తేస్తుంది. ఓర్చుకోవడం వేరు, తేడా పట్టడం వేరు. నిన్ను పంపిస్తున్నది రెండో పనికి.

ఇక ప్రూఫ్. చట్టం ప్రకారం బ్యారెల్‌లో పోసేటప్పుడు 125 ప్రూఫ్ మించకూడదు. మరి 135, 140 ఎక్కణ్ణించి వస్తాయంటావా? బ్యారెళ్ళు ఏళ్ళ తరబడి నిలవ ఉంచే గోదాం, రిక్‌హౌస్ అంటారు, దాని పై అంతస్తుల్లో వేసవిలో రేకుల వేడికి చెక్కలోంచి ఆల్కహాల్ కంటే నీళ్ళు త్వరగా ఆవిరైపోతాయి, మిగిలింది చిక్కబడుతుంది. కింది అంతస్తు చల్లన, తేమ. అక్కడ ప్రూఫ్ తగ్గనూ వచ్చు. గోడలకీ, పక్కనున్న చెట్ల బెరడుకీ మసి పూసినట్టు నల్లగా కనిపిస్తుంది చూడు. అది ఆ ఆవిరి తిని బతికే బూజు. అందుకని శాంపిల్ ఇచ్చినతను ప్రూఫ్ చెప్పేలోపే "ఏ అంతస్తు, ఎన్నేళ్ళు?" అని అడుగు. ప్రూఫ్ మాత్రం చివర్లో చెప్పమను. ముందే తెలిస్తే నాలుక ఆ అంకెనే రుచి చూస్తుంది.

గ్లాసు చేతికి రాగానే తిప్పకు. వైన్‌కి అలవాటైన వాళ్ళు చేసే పని అది. ఈ ప్రూఫ్ దగ్గర తిప్పితే ఆల్కహాలే ముందు ఎగదన్నుకొస్తుంది. కాసేపు అలా ఉంచు. తర్వాత గ్లాసు గడ్డం దగ్గర పట్టుకుని, నోరు కొంచెం తెరిచి, చిన్నగా వాసన పీల్చు. ఆవపిండి డబ్బా మూత తీసి ముక్కు లోపల పెడతామా? ఇదీ అంతే. ఒకసారి ముక్కు మొద్దుబారిందంటే తర్వాత నాలుగు బ్యారెళ్ళూ ఒకేలా ఉంటాయి. మధ్యలో నీ చొక్కా చేతి వాసన చూసుకో, మేమంతా అదే చేసేవాళ్ళం.

వాసన పేర్లు ఇంగ్లీషు పుస్తకాల్లోంచి తెచ్చుకోకు. బటర్‌స్కాచ్, చెర్రీ కాబ్లర్ అంటూ ఎవరో రాస్తారు, నువ్వు తిని ఎరగవు. నీకు తాటిబెల్లం తెలుసు, లవంగం తెలుసు, కురిడీ కొబ్బరి తెలుసు. ఆ కొబ్బరి వాసన నిజంగా ఓక్ చెక్కలోంచి వచ్చే లాక్టోన్ వల్లే, లవంగం వాసన యూజినాల్ వల్లే. మన లవంగంలో ఉన్నదీ అదే. అరటిపండు వాసన వస్తే అది పులియబెట్టినప్పటిది. నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన ఒక్క క్షణం వచ్చి పోతే పర్వాలేదు. పావుగంట తర్వాత కూడా అక్కడే కూర్చుని ఉంటే ఆ బ్యారెల్ వదిలేయ్.

మొదటి గుక్కకి మార్కులు వేయకు. అది నోటిని సిద్ధం చేయడానికే. అర టీస్పూన్ అంత తీసుకుని నాలుకంతా తడిపి ఉమ్మేయ్. రెండోది నోట్లో ఉంచి నమిలినట్టు తిప్పు. దీన్నిక్కడ కెంటకీ చ్యూ అంటారు. తీపి ఎక్కడ మొదలైంది, చేదు ఎప్పుడొచ్చింది, చిగుళ్ళ దగ్గర వగరు పట్టిందా, ఉమ్మిన తర్వాత ఏం మిగిలింది? మంట ఆరాక మిగిలేదే చూడు. మంట తప్ప ఏమీ మిగలకపోతే అది రాసుకో.

ఇప్పుడు నీళ్ళు. దీనికో పెద్ద కథ ఉంది, మీ పెదనాన్నది. ఈ ఉత్తరం ఆయన పక్క సోఫాలోనే రాస్తున్నాను, చదివి వినిపించాక అలిగి వరండాలోకి వెళ్ళిపోయారు.

చాలా ఏళ్ళ కిందట ఈయనా, స్నేహితులూ మీలాగే ఒక బ్యారెల్ కొన్నారు. నాకు ఆ రోజు డ్యూటీ. జనవరి, బయట మంచు, రిక్‌హౌస్‌లో హీటర్ ఉండదు. బ్యారెల్ మూతకి చిన్న బెజ్జం వేసి గ్లాసుల్లోకి పట్టి ఇచ్చారట, కాలిన చెక్క పొట్టు నల్లగా తేలుతూ. చూడగానే అందరికీ పూనకం. మూడు బ్యారెళ్ళు. మొదటిది 118, రెండోది 121, మూడోది 136. మూడోది తాగినతను దగ్గి, కళ్ళు తుడుచుకుని, "ఇదిరా మందంటే!" అన్నాడు. అయిపోయింది. తర్వాత నోరెత్తినవాడు లేడు. ఒకాయన రెండోది మెత్తగా బాగుందన్నాడట. "పాలు తాగుతావా?" అని నవ్వారట. ఆయన మళ్ళీ మాట్లాడలేదు. నీళ్ళ సీసా బల్ల మీదే ఉంది, ఎవరూ మూత తీయలేదు. నీళ్ళు కలపడం మగతనానికి తక్కువ కదా!

చలిలో వాసనలు ముడుచుకుపోతాయి. పైగా మూడో బ్యారెల్ దాకా వచ్చేసరికి నోళ్ళు మొద్దుబారాయి, ఘాటు ఒక్కటే తెలిసింది. సాయంత్రం ఈయన మురిసిపోతూ చిన్న సీసాలో శాంపిల్ తెచ్చారు. వంటింట్లో వెచ్చగా ఉంది. పదిహేను మిల్లీలు గ్లాసులో పోసి, ఒక టీస్పూన్ నీళ్ళు కలిపి, పప్పు పోపు వేసొచ్చి వాసన చూశాను. తీపి లేదు. తడిచెక్క, మరీ ఎక్కువ మరిగిన టీ డికాషన్. నోట్లో పోసుకుంటే చిగుళ్ళు పీక్కుపోయాయి. చెక్క మొత్తం లాగేసుకున్న బ్యారెల్ అది, ఆ మంట చాటున దాక్కుంది. "ఎలా ఉంది?" అని అడిగారు. మనిషి మొహం చూసి "బాగానే ఉంది, అన్నం తినండి" అన్నాను. డబ్బు అప్పటికే కట్టేశారు.

సీసాల్లోకి బ్యారెల్ ప్రూఫ్‌లోనే, అంటే బ్యారెల్‌లో ఉన్నది ఉన్నట్టే నింపించారు కాబట్టి నీళ్ళు కలిపి సరిచేసే దారి కూడా లేకపోయింది. మా వాటా సీసాలు గరాజ్‌లో లాన్ మోవర్ వెనక చేరాయి. ఎవరి గృహప్రవేశమైనా ఒకటి తగ్గేది. నువ్వు డాలస్‌లో ఇల్లు కొన్నప్పుడు నీకొచ్చింది కూడా అందులోదే, నువ్వు బావుందని రాశావు, ఈయన ఆ మెసేజ్ నాకు నాలుగుసార్లు చూపించారు.

కాబట్టి నువ్వు నీళ్ళు కలపాల్సిందే, ఎవరు నవ్వినా. మొదట అలాగే చూడు. తర్వాత రెండు చుక్కలు. తర్వాత 100 ప్రూఫ్ దాకా దించు. 130 ప్రూఫ్‌ది ముప్పై మిల్లీలుంటే సుమారు తొమ్మిది మిల్లీల నీళ్ళు. కలపగానే చూడకు, కొన్ని నిమిషాలు ఆగు. ఉత్త మాటలు కావివి. 2017లో స్వీడన్‌లో లిన్నేయస్ యూనివర్సిటీ వాళ్ళు కంప్యూటర్‌లో లెక్కగట్టి చూపించారు. ఆల్కహాల్ 59 శాతం పైన ఉంటే గ్వాయకాల్ అనే పొగవాసన అణువుని ఆల్కహాల్ చుట్టుముట్టి లోపలే ఉంచుతుంది, 45 శాతానికి దిగితే అది పైకి తేలుతుంది. నీళ్ళు కలిపితే కొంచెం మసకబారొచ్చు, భయపడకు. చల్లబరిచి వడకట్టని విస్కీలో నూనెలు అలా బయటపడతాయి.

ఇంకో మాట. శాంపిళ్ళు ఒకే వరసలో చూసి ఓటేయకండి. ఒక రౌండ్ అయ్యాక బయటికెళ్ళి పది నిమిషాలు తిరిగి, రెండోసారి తిరగేసి చూడండి. ఎవరూ ఏమీ అనకముందే అందరూ కాగితం మీద రాయాలి. మీలో గొంతు పెద్దదెవరిదో నాకు తెలీదు గానీ ఒకడు ఉంటాడు. వాడి చేత చివర్లో చదివించు.

రెండు బ్యారెళ్ళ మధ్య తేల్చుకోలేకపోతే చిన్న శాంపిల్ సీసాలు ఇస్తారేమో అడుగు, ఇంటికి పట్రా. ముందుగా డాలస్‌లో రేర్ బ్రీడ్ అనే బర్బన్ ఒకటి కొని, 116.8 ప్రూఫ్ ఉంటుంది, రోజూ పది మిల్లీలతో నీళ్ళ సాధన చెయ్యి. బుకర్స్ దొరికితే అదీ. అంతకుమించి పోసుకున్నట్టు తెలిస్తే మీ అమ్మకి ఆ పీపాలో ఏముందో నేనే చెప్తాను.

తిరుగు ప్రయాణంలో 140 ప్రూఫ్ దాటిన సీసా ఏదీ సూట్‌కేసులో పెట్టకు. 70 శాతం దాటితే విమానంలో అసలు ఒప్పుకోరు, ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు.

శుక్రవారం ఎన్నింటికి దిగుతావో రాయి. లూయీవిల్‌కే టికెట్ తీసుకో, సిన్సినాటీ చవకని అక్కడ దిగకు, మీ పెదనాన్నకి రాత్రిళ్ళు హైవే మీద కళ్ళు సరిగా ఆనడం లేదు. రాత్రికి చప్పటి పప్పు, దొండకాయ వేపుడు చేస్తాను. ఆయన్ని మాత్రం 136 గురించి అడగకు, ఆయనే చెప్తారు, వేరేగా.

మీ పెద్దమ్మ