కిడ్నీ ఇచ్చాక పత్తి చేను పనికి ఎప్పుడు పోవచ్చు?

అన్నా, వచ్చే నెల తమ్ముడికి కిడ్నీ ఇస్తున్నాను, మళ్లీ పరకాలలో చేను పని ఎప్పుడు చేసుకోవచ్చు అని అడిగారు. నేను మా అక్కకు ఇచ్చాను కాబట్టి చెబుతున్నా.

బీడీ అలవాటుంటే ఈ రోజే మానండి. మత్తు ఇచ్చాక ఊపిరితిత్తులకు అదే పెద్ద ఇబ్బంది. రోజూ నడవండి.

లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషన్) అయితే మామూలుగా 3 నుంచి 5 రోజుల్లో ఇంటికి పంపుతారు. కడుపులోకి పంపిన గ్యాస్ వల్ల భుజం లాగుతుంది, టెన్షన్ పడకండి, తగ్గిపోతుంది. దగ్గు వస్తే పొట్టకు దిండు అదిమి పట్టుకోండి. మలబద్ధకం రానివ్వొద్దు.

ఇక చేను సంగతి. కనీసం 6 వారాలు 5 కిలోలకు మించి ఎత్తొద్దు. మందు కొట్టే పంపు నిండితే 16 కిలోలు దాటుతుంది, డాక్టర్ సరేననే దాకా దాన్ని భుజానికి ఎత్తుకోకండి. పత్తి ఏరడానికి ఇప్పుడే మనుషుల్ని మాట్లాడి పెట్టుకోండి.

ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ అడిగి వేసుకోవద్దు. ఉన్న ఒక్క కిడ్నీకి అవి చేటు. ఏటా బీపీ, క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్త పరీక్ష), మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు తప్పనిసరి.

ఇంట్లో అందరూ తమ్ముడి చుట్టూనే ఉంటారు. అప్పుడు మీకు దిగులు వస్తే దాచుకోకండి, వదినకు చెప్పండి.