స్విమ్మింగ్ కోచ్‌గా చేరే ముందు పూల్‌ని చూడండి

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ ఫైనల్ ఇయర్. ఈతలో రాష్ట్రస్థాయి దాకా వెళ్లింది. ఈ వేసవిలో ఒక ఇండోర్ పూల్‌లో పిల్లలకు నేర్పింది. నెల తిరిగేసరికి కళ్లు ఎర్రబడ్డాయి, పొడి దగ్గు పట్టుకుంది, గొంతు బొంగురుపోయింది. అయినా ఇదే వృత్తి అంటోంది. ఒప్పుకోవచ్చా? - ఒక తల్లి, విజయవాడ

జవాబు: ఒప్పుకోండమ్మా. కాకపోతే ఆ పూల్‌లో వద్దు.

నీళ్లలోని క్లోరిన్ చెమటతోనూ మూత్రంతోనూ కలిస్తే క్లోరమైన్లు అనే ఘాటైన రసాయనాలు తయారవుతాయి. గాలి ఆడని హాల్లో అవి నీటి మీదే, సరిగ్గా కోచ్ ఊపిరి పీల్చే ఎత్తులో పేరుకుంటాయి. ముక్కు మండేంత వాసన వస్తే ‘క్లోరిన్ బాగా వేశారు, శుభ్రంగా ఉంది’ అనుకుంటాం. నిజానికి అది నీళ్లు బాగాలేవని చెప్పే వాసన. గంట ఈది వెళ్లిపోయే పిల్లలకు పెద్దగా తెలియదు. కోచ్ రోజూ గంటల తరబడి అదే గాలి పీల్చాలి. ఇలా పనిచేసిన పూల్ సిబ్బందికి ఆస్తమా రావడం వైద్యులకు తెలిసిన సంగతే.

అందుకే చేరే ముందు కొన్ని అడిగి తెలుసుకోవాలి. స్నానం చేశాకే నీళ్లలోకి దిగనిస్తారా? టెస్ట్ కిట్‌తో రోజూ నీళ్లు చూసి రిజిస్టర్‌లో రాస్తారా? క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (లీటరు నీటికి మిల్లీగ్రాములు), పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.2 నుంచి 7.8 మధ్య ఉంటే మంచిది. ఆరుబయటి పూల్ అయితే గాలి బాధ తక్కువ, ఎండ బాధ ఎక్కువ. ఫుల్ హ్యాండ్స్ స్విమ్ షర్ట్, సన్‌స్క్రీన్ తప్పవు.

అన్నిటికంటే ముఖ్యం, లైఫ్‌గార్డ్ విడిగా ఉన్నారా అన్నది. ఐదేళ్ల బాబు పొట్ట కింద చెయ్యి పెట్టి కాళ్లు ఆడించడం నేర్పుతున్నప్పుడు, వెనక గట్టు పట్టుకున్న పిల్లలు కోచ్‌కి కనపడరు. మునిగిపోయేవాళ్లు చాలాసార్లు అరవలేరు. తల వెనక్కి వాలుతుంది, నోరు నీటి మట్టానికి వస్తుంది, చేతులు నీటిని కిందికి నొక్కుతుంటాయి. చూసేవాళ్లకు ఆడుకుంటున్నట్టే ఉంటుంది. ‘అమ్మాయికి ఈత వచ్చు కదా, రెండూ తనే చూసుకుంటుంది’ అనే మేనేజ్‌మెంట్ ఎంత జీతమిచ్చినా వద్దనండి. ప్రమాదం జరిగితే నింద, జీవితాంతం ఉండే బాధ ఆమెకే.

పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్) ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కెరీర్‌కి పనికొస్తుంది. దాంతోపాటు లైఫ్ సేవింగ్, సీపీఆర్ (గుండె, ఊపిరి ఆగినవారికి చేసే అత్యవసర చికిత్స) శిక్షణ తీసుకోమనండి. నీళ్లలో మునిగినవారికి ఛాతీ నొక్కడం ఒక్కటే చాలదు, నోటితో శ్వాస కూడా ఇవ్వాలి. అది చేత్తో చేసి నేర్చుకోవాల్సిన పని. ఊపిరి బిగబట్టి నీటి అడుగున పందేలు వేసుకునే పిల్లల్ని మాత్రం వెంటనే ఆపాలి. ఉన్నట్టుండి స్పృహ తప్పుతుంది.

ఈత నేర్పడమంటే పిల్లల్ని పట్టుకోక తప్పదు. ఎక్కడ, ఎందుకు పట్టుకుంటున్నదీ ముందే చెప్పి, తల్లిదండ్రులకు కనపడేలా నేర్పాలి. పిల్లల్ని లైంగిక వేధింపుల నుంచి కాపాడే పోక్సో చట్టం (2012) గురించి తెలిసి ఉండాలి. పిల్లలకూ ఆమెకూ అదే రక్షణ.

గొంతు పాడవకుండా, అరవడానికి బదులు విజిల్, చేతి సైగలు అలవాటు చేసుకుంటే చాలు. చెవుల్లో కాటన్ బడ్స్ పెట్టొద్దు, తల పక్కకు వంచి నీళ్లు కారనిచ్చి టవల్‌తో తుడుచుకోవాలి.

ముందు ఆ దగ్గుని ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించండి. పూల్‌కి వెళ్లిన రోజుల్లో పెరిగి, సెలవు రోజుల్లో తగ్గుతోందేమో అమ్మాయిని రాసిపెట్టుకోమనండి. డాక్టరు అడిగే ప్రశ్నల్లో అదొకటి.